గడ్డిమోపు తాడుతో కొలిచిన పరుగు

మహబూబ్‌నగర్‌లో ఉదయం ఆరుంబావుకు కాచిగూడ రైలెక్కాను. పాలమ్ముకునే ఇంటి పిల్ల దేశం తరఫున ఫాస్ట్ బౌలర్‌గా ఎట్లా ఎదిగిందో, ఆమె ఆడిన గల్లీని చూస్తే గాని అర్థం కాదనిపించింది. ఆమె పేరు మౌనిక. దక్షిణాఫ్రికాలో తొలి మ్యాచ్‌లో ఆమె వేగం చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. కానీ కాలు గీత దాటి ఆరు నోబాల్స్ పడ్డాయి. రెండో మ్యాచ్ ఈరోజే. మళ్లీ దాటితే జట్టులో చోటు పోయినట్టే.

ఎనిమిదిన్నరకు దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ నలభై రూపాయలు. చార్మినార్ దాకా సిటీ బస్సు, అక్కడి నుంచి శాలిబండకు ఇరవై రూపాయల షేర్ ఆటో. పక్కనున్న పెద్దాయనను మౌనిక ఇల్లెక్కడని అడిగాను.

"ఫాస్ట్ బౌలర్ ఇల్లా? బర్రెల వాసన రాంగనే దిగు భాయ్."

సరిగ్గా అట్లాగే దిగాను. రెండు బర్రెలు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత ఇరుకు గల్లీ. మోరీ మీది బండే ఆమె బౌలింగ్ గీత. చాలా వెనక, గోడ మీద సున్నపు గీత. పరుగు మొదలయ్యేది అక్కడే. పన్నెండేళ్లు ఇంత సందులోనే పరిగెత్తిందా!

"నజర్ తగిలింది సారూ," అన్నాడు పక్కింటి దర్జీ ఖాజా భాయ్. మౌనిక తల్లి నర్సమ్మ తలూపింది.

నాకు మండింది. "చూపుకే కాలు జరిపే శక్తి ఉంటే, ఎదుటి జట్టును మనమంతా ఇక్కడి నుంచే ఓడించొచ్చు. అసలు పరుగు దూరం ఎట్లా కొలుస్తుందో చెప్పండి."

"గడ్డి మోపులు కట్టే నూలు తాడుతోని," అన్నాడు పాలక్యాన్లు తోముతున్న తండ్రి యాదయ్య. "ఆ సున్నపు గీత కాడికెల్లి బండ దాక పట్టి నేనే కోసిచ్చిన. ఏ గ్రౌండుకు పోయినా గదే పరుస్తది. టేపును నమ్మదు."

"ఈసారి దేశం దాటుతుందని ఉడుకు నీళ్లల్ల పిండి, పసుపుల నానబెట్టి దేవుని ముందర పెట్టిన," అంది నర్సమ్మ.

యాదయ్య చెయ్యి ఆగింది. "తడిపినవా? నూలు తాడు తడిసి ఎండితె గుంజుకుని పొట్టిగైతదని ఎరుకలేదా? ఇన్నేండ్ల సంది బర్రెలు కట్టేస్తున్నవు!"

ఆమె ముఖంలో రక్తం లేదు. "అంటే నా బిడ్డను నేనే ముంచిన్నా?"

పూజల మీద నా దగ్గర ఉపన్యాసం సిద్ధంగా ఉంది. ఆ ముఖం చూశాక దాన్ని వదిలేసి, టేపేమైనా ఉందా అని అడిగాను.

ఖాజా భాయ్ అప్పటికే మెడలోని టేపు తీసి నేల మీద జరుపుకుంటూ పరుస్తున్నాడు. సున్నపు గీత నుంచి బండ దాకా యాభై ఎనిమిది అడుగులు. మ్యాచ్ రోజు ఆటగాళ్ల ఫోన్లు జట్టు తీసేసుకుంటుంది గనక, అంతకుముందే మౌనికకు వీడియో కాల్ చేశారు. ఆమె హోటల్ వరండాలో తాడు పరిచి కొలిచింది.

"యాభై ఆరున్నరే ఉంది బాపూ! అడుగున్నర ముందటికెల్లి ఉరుకుతున్న, గందుకే కాలు గీత దాటుతుంది!"

నర్సమ్మ ఫోన్ లాక్కుంది. "నేనే తడిపిన బిడ్డా."

"ఫికర్ చెయ్యకమ్మా. కాలు వెనక్కేస్తే స్పీడ్ పోతుందని నిన్నటిదాక ఏడ్చిన. ఇగ టేపుతోని కొలుస్త. తాడును బర్రెకు కడుదువు గని!"

వాళ్లింట్లోనే అన్నం, గడ్డపెరుగు తిని, నాలుగున్నరకు తిరుగు రైలెక్కాను. షాద్‌నగర్ దాటాక ఎదుటి సీటు టీచరమ్మ ఫోన్‌లో మౌనిక తొలి ఓవర్ మొదలైంది. బంతి కన్నా ముందు కాలే చూశాను. గీతకు బెత్తెడు లోపల పడింది. రెండోదీ, మూడోదీ అంతే. వేగం రవ్వంత తగ్గలేదు. నాలుగో బంతికి నడిమి వికెట్ గాలిలో గిరగిరా తిరిగింది. పెట్టె అంతా కేకలు.

"ఇంత స్పీడ్ ఎట్లొస్తది సార్?" అని అడిగింది టీచరమ్మ.

భుజం, నడుము, పన్నెండేళ్ల సాధన అంటూ తెలిసిన కారణాలన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా ఇంకో వికెట్ ఎగిరింది. ఏం చెబుతున్నానో నేనూ మరిచిపోయాను, ఏం అడిగిందో ఆమె కూడా మరిచిపోయింది.