వెనుక కూసునేటోళ్ల బండి

“కొత్త రూపు కారు వాకిట్ల నిలవడి ఉండంగ పాతదెవడన్న కొంటడా?” అన్నడు మా కొడుకు.

“కొత్తది కొత్తది అంటున్నరు, అది ఎంత తిరిగిందో మీటర్ చూసిన్రా? టాక్సీ లెక్క తిరిగింది. పాతది ఒక్క ఓనర్ చేతి మీదున్న బండి,” అన్నది మా కోడలు.

“ఒక్క చెయ్యైతె ఏంది? వెనుకకు పోతుంటె చూపెట్టే కెమెరా ఉన్నదా దాన్ల? ముంగట తెర ఉన్నదా? చూసినోళ్లు ఏమనుకుంటరు?”

“చూసినోళ్లు వచ్చి రిపేర్ చేపిస్తరా?”

“నా చిన్నప్పుడు మా తాత గూడ ఇట్లనే…” అని నేను నోరు తెరిచిన్నో లేదో, “అమ్మా, నీ చిన్నప్పుడు కార్లు ఏడున్నయే? జర ఊకో,” అన్నడు కొడుకు. వాకిట్ల కుర్చీ ఏసుకొని ఇద్దరి మొకాలు చూసుకుంట కూసున్న.

పంచాయితీ ఏందంటే, ఇబ్రహీంపట్నంల పాత కార్లు అమ్మే ఒకాయన మాకు తెలిసినోడు. రెండు బండ్లు తెచ్చి మా ఇంటి ముంగట నిలవెట్టి పోయిండు. రెండూ డిక్కి ఉన్నయే, రెండిటికీ ఒకటే పేరు, ధర కూడ ఇంచుమించు ఒకటే. ఒకటి ఆ కంపెనీ ముందు తీసిన రూపు, నిక్కి నిలవడ్డట్టు ఎత్తుగ ఉంటది. ఇంకోటి తర్వాత తీసిన రూపు, వెనుకకు వాలి, పండుకున్న కుక్క లెక్క నేలకు అంటుకొని ఉంటది. “రాత్రికి చూసుకోండ్రి, పొద్దుగాల ఒకటి ఉంచుకొని ఒకటి పంపుండ్రి,” అన్నడు. పొద్దుగాలనే మా ఇంటాయనను పట్నం దవాఖానకు తోల్కపోవాలె. బండి కొనేదే ఆయన కోసం.

మా ఇంటాయనకు పక్షవాతం వచ్చి ఎడమ దిక్కు పడిపోయింది. కట్టె పట్టుకొని నాలుగడుగులు ఏస్తడు. మాట మాత్రం లోపల్నే ఉండిపోయింది. ఏదో చెప్పాల్నని పెదవులు కదులుతయి, కండ్లల్ల నీళ్లు తిరుగుతయి, ఆఖరుకు “ఆ… ఆ…” అని ఆగిపోతడు. వారం వారం ఎల్బీనగర్ దిక్కు దవాఖానల చెయ్యికి కసరత్తు చేపిస్తరు, మాట నేర్పుతరు. అద్దెకార్ల రెండు మూడు సార్లు మంచిగనే పోయిండు. ఎండలు ముదిరినంక ఏమైందో, సాగర్ రోడ్డు ఎక్కంగనే కుడిచేత్తోటి ముంగటి సీటును కొట్టుడు, అరుసుడు. పోయిన వారం సగం తొవ్వల నుంచి మర్లొచ్చినం. ఇప్పుడు నాగా వెడితె చెయ్యి అట్లనే బిగుసుకపోతదని డాక్టరమ్మ గట్టిగ చెప్పింది. “ముసలోళ్ల మొండితనం, సొంత బండైతె సుఖంగ కూసుంటడు,” అన్నడు మా కొడుకు. అందుకే ఈ రెండు బండ్లు.

పంచాయితీ ఇంత జరుగుతున్నది గద, ఇంజన్ గురించి మాట్లాడిన్రు, టైర్ల గురించి, మళ్ల అమ్మితె ఎంతొస్తదో దాని గురించి మాట్లాడిన్రు. ఇద్దరూ ముంగటి సీట్ల కూసొని స్టీరింగు పట్టుకొని చూసిన్రు. వెనుక తలుపు ఒక్కరన్న తియ్యలే. మా ఇంటాయన అరుగు మీద కూసొని బండ్ల దిక్కు చూస్తున్నడు. కాదు, కొడుకు దిక్కు చూస్తున్నడు. ఆ చూపు చూసినంక నాకు మా తాత మళ్ల యాదికొచ్చిండు.

నా చిన్నప్పుడు మా దిక్కు ఊర్లల్ల కాస్త భూమి ఉన్న ఇండ్లకు కచ్చురం ఉండేది. అది ఎద్దులబండే, కాని మీద గూడు ఉంటది, ముంగట ఎనుక పరదాలు ఉంటయి. ఆడోళ్లు లోపల కూసునేది. మొగోళ్లు ముంగట కాళ్లు ఏలాడేసుకొని, గాలి తాక్కుంట కూసునేది. ఊరు వచ్చిందంటె పరదా దించాలె. బయటి మొగోళ్లున్న కాడ లోపలి నుంచి గొంతు వినరావద్దు. అదే అప్పటి మర్యాద. మా ఇంటి మొగోళ్లు పుట్టి బుద్ధెరిగి పరదా వెనుక కూసున్నది లేదు. ఆడోళ్లు ముంగట కూసున్నదీ లేదు.

ఆ ఏడు మా మేనత్త నెలలు నిండి మా ఇంటికి వచ్చింది. కాన్పు కష్టమైతదని, పట్నం తోల్కపొమ్మని మంత్రసాని ముందే చెప్పింది. చూస్తె మా కచ్చురం ఇరుసు విరిగి మూలకు వడ్డది. యాచారం దిక్కు ఒక పెద్దింట్ల రెండు కచ్చురాలు అమ్ముతున్నరని తెలిసి మా తాత, మా బాపు, మా చిన్నాయిన బయలుదేరిన్రు. నేను ఏడ్చి వెంటవడ్డ.

రెండూ కట్టెపని చేసే ఒక్క వడ్లాయన చేతిల తయారైనయే. పాతది వెదురు బద్దల గూడు, మీద చాప, ఎత్తుగ ఉంటది. రంగు గింగు ఏం లేదు. కొత్తదానికి రేకు గూడు. పచ్చరంగు ఏసి, మీద గులాబి పూలు, చిలుకలు దించిన్రు. గూడు కిందికి వంచి ఉంటది, ఎద్దుల మెడల గంటలు, కింద స్ప్రింగులు. మా చిన్నాయిన దాని చుట్టు తిరిగిండు, స్ప్రింగుల మీద ఊగిండు. “బాపూ, ఇది ఊర్లకు వస్తుంటె జనం అరుగుల మీది నుంచి లేస్తరు,” అన్నడు. మా బాపు గూడ “పాతదెందుకు, చాపలు అమ్మేటోని బండి లెక్కున్నది,” అన్నడు.

మా తాత రెండిట్లకు తొంగి చూసిండు. పెద్దింటాయనను అడిగి, కొత్తదాన్ని ఇంటిదాక తోలి చూసి పంపుతమన్నడు. తోలేటాయనను అక్కడ్నే ఉండుమని తనే ఎద్దుల పగ్గాలు పట్టిండు. కొడుకులు ముంగట ఎక్కబోతుంటె “ఇక్కడ కాదు, లోపటికి,” అన్నడు. ఇద్దరూ నవ్విన్రు. తాత నవ్వలే. “మీ చెల్లె ఎట్ల కూసుంటదో అట్ల కూసోండ్రి. పరదా లేపితె నా మీద ఒట్టు. గొంతు బయటికి రావద్దు,” అన్నడు. నేను ఆడపిల్లనే గద, నన్ను ఇద్దరి నడుమ కుక్కిండు. రెండు పరదాలు దించి తాడు కట్టిండు.

ఎండకాలం. మీద రేకు. లోపల చీకటి. మా బాపు పొడుగు మనిషి, మెడ వంచుకొని, మోకాళ్లు గదువకు తాకేటట్టు కూసున్నడు. బండి గుంతల వడ్డప్పుడల్ల స్ప్రింగులు ఎగిరేసేటియి, తలకాయ పోయి రేకుకు తాకేది. మా చిన్నాయిన చెమటంత నా మీదనే కారింది. కొద్దిసేపటికి ఊపిరి ఆడనట్టయింది నాకు. కాళ్లు కదిలిద్దామంటె జాగ లేదు, బయట ఏమున్నదో చూద్దామంటె సందు లేదు. ఎంత దూరం వచ్చినమో, ఇంకెంత ఉన్నదో తెల్వదు. మెల్లగ “బాపూ, జర ఆపు,” అన్నడు మా చిన్నాయిన. తాత ఎద్దులను అదిలిచ్చిండు.

ఇగ ఆపిండు, కాని ఎక్కడాపిండు? తొవ్వ పొంటి ఎవరు ఎదురైతె వాళ్ల కాడ. ఎండల బండి నిలవెట్టి, కిందికి దిగి, చుట్ట ముట్టిచ్చి, వాన ముచ్చట, పెండ్లి ముచ్చట, ఎద్దుకు వచ్చిన రోగం ముచ్చట. ఒక ఊర్ల ఒకాయన “లోపల ఎవరున్నరు పటేలా?” అని అడిగిండు. మా తాత కండువతోటి మొకం తుడుసుకొని, “ఇంటి ఆడోళ్లు,” అన్నడు.

“అమ్మా, మంచిగున్నరా?” అన్నడు ఆయన పరదా దిక్కు చూసి. మీసాలున్న ఇద్దరు మొగోళ్లు ఊపిరి బిగవట్టిన్రు. మా బాపు నా జబ్బ గిచ్చిండు. “మంచిగున్నం,” అన్న నేను సన్నగ. అది విని మా తాత నవ్వుతున్నడని పరదా వెనుక నుంచే తెలిసింది నాకు.

ఇంటి ముంగట తాడు విప్పినప్పుడు వాళ్లిద్దరు దిగలే, జారిపడ్డరు. మా బాపు అంగి పిండితె నీళ్లు కారేటట్టున్నది. నుదురు మీద బొప్పి. చిన్నాయిన అరుగు మీద కూలవడి “ఎందుకు ఆపినవ్ బాపూ అంతంతసేపు?” అన్నడు.

“మీరు ఆపరా? నేను ఆపనా ఇన్నేండ్ల సంది? మీ అమ్మ లోపల ఉంటదని ఒక్కనాడన్న యాదుంచుకున్నమా?” అన్నడు తాత. మెత్తగనే అన్నడు. మా నాయినమ్మ చెంబుల నీళ్లు తెచ్చి కొడుకులకు ఇచ్చింది గని, తాతకు ఇయ్యక అక్కడ్నే నిలవడి ఆయన మొకమే చూస్తున్నది. అట్ల చూసుడు నేను మళ్ల ఎన్నడు చూడలే.

తర్వాత పాతదాన్ని కూడ తెప్పిచ్చి, మా మేనత్తను రెండిట్ల ఎక్కి కూసొమ్మన్నడు తాత. “నీకేది కావాలె బిడ్డా?” అని అడిగిండు. ఆమెను అట్ల ఎవరూ అడగలే ఎన్నడు. “మీ ఇష్టం బాపూ,” అన్నది. “నా ఇష్టం అడగలే,” అన్నడు తాత. ఆమె తలకాయ వంచుకొని పాతదాని చాపను చేత్తోటి తడిమింది. ఆఖరుకు “పాతదాన్ల కాళ్లు చాపుకోవచ్చు,” అన్నది. అంతే, పాతది కొన్నరు. కాన్పుకు దాన్లనే పోయింది. బిడ్డను ఒళ్లె పెట్టుకొని దాన్లనే వచ్చింది.

నేను బడికి పోయింది మూడో తరగతి దాకనే. కాని బడి చెప్పనిది ఆనాటి రేకు వేడి చెప్పింది నాకు. నేను ఖర్చుకు వెనుకాడే మనిషిని, పిసినారి అని మా వాడకట్టుల పేరున్నది. ఉండనీ. కొడుకు పెండ్లి కాకముందు, కోడలికి ఇచ్చే అర్రల నేను పోయి ఒక ఎండకాలం పగటిపూట తలుపేసుకొని పండుకొని చూసిన. లేచినంక మేస్త్రిని పిలిచి గోడకు కిటికీ పెట్టిచ్చిన. ఎందుకు పెట్టిచ్చినమ్మా అని ఎవరడిగినా చెప్పలే. ఎవరన్న ఉండేటి జాగల ముందుగాల నేను కూసొని చూడనిదే నాకు మనసు పట్టదు.

అందుకని ఆ సాయంత్రం కుర్చీల నుంచి లేచిన. మా కొడుకును పిలిచి, వాని భుజం మీది తువ్వాల తీసి, వాని ఎడమచెయ్యి ఒంటికి ఆనిచ్చి కట్టేసిన.

“ఏందే ఇది?” అన్నడు.

“మీ నాయిన చెయ్యి. కొత్తదాన్ల వెనుక కూసో, ఆయన కూసునే దిక్కే. మాట్లాడొద్దు. మీ నాయినకు మాట ఉన్నదా?”

కోడలు ముసిముసి నవ్వుకుంట నడిపింది. నేను వాని పక్కకు కూసున్న. చౌరస్తా దాక పోయి, దుకాణాల ముంగట పడమటి ఎండల ఆపిచ్చి, ఏసీ బంద్ చేపిచ్చి, కోడలిని పాల పాకెట్టు తెమ్మని పంపిన. ఆ కారుకు వెనుక అద్దం చిన్నది, భుజం మీదికి ఉంటది. సీటు లోతుకు, కప్పు తలకు ఆనుతది. వాడు కాసేపు బొమ్మ లెక్క కూసున్నడు. తర్వాత కదిలిండు. ఎడమ దిక్కు తలుపుకే అద్దం బటన్. కుడిచెయ్యి ఇటు నుంచి తెద్దామంటె కట్టిన చెయ్యి, బెల్టు అడ్డం. రెండు సార్లు చూసిండు, అందలే. నా దిక్కు చూసిండు. మాట్లాడొద్దన్న కద, మాట్లాడలే. మొకం ఎర్రగయింది. కుడిచెయ్యి పిడికిలి చేసి ముంగటి సీటును ఒక్క గుద్దు గుద్దిండు.

గుద్ది, ఆ చెయ్యి అట్లనే సీటు మీద పెట్టి ఆగిపోయిండు. నేను తువ్వాల ముడి విప్పిన.

ఇంటికొచ్చినంక కోడలి వంతు. ఆమె నవ్వు పోయింది గని, కాదనలే. తన పాతదాన్ల అదే దిక్కు, అదే తువ్వాల. అద్దం పెద్దది, బయటంత కనవడుతది, తలకు జాగ ఉన్నది. కాని దాన్ల గూడ బటన్ అందలే. “అత్తమ్మా, దిగేటప్పుడు రోడ్డు రాకుంట ఉంటదని మామయ్యను ఎప్పుడూ ఎడమ దిక్కే కూసోవెట్టినం. ఆయన మంచి చెయ్యి కుడిది. అటు దిక్కు కూసోవెట్టాలె,” అన్నది. ఆ మాట మా ఇంట్ల అప్పటిదాక ఎవరికీ తోచలే.

కొడుకు అరుగు కాడికి పోయి తండ్రి ముంగట కింద కూసున్నడు. “నాయినా, పొద్దుగాల ఏదాన్ల పోదాం? నీ ఇష్టం. నువ్వు ఏది ఎక్కితె అది ఉంచుకుందం,” అన్నడు. ఆయన పెదవులు కదిలినయి. “ఆ…” అన్నడు. కట్టె తీసుకొని లోపటికి పోయి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. పోతడో పోడో, రెండిట్ల ఏది ఒద్దంటడో మాకు తెలువలే. కొడుకు, కోడలు ఆ రాత్రి కార్ల ముచ్చట ఎత్తలే.

తెల్లారి ఆయన తానం చేసి తెల్లంగి తొడుక్కున్నడు. వాకిట్ల రెండు బండ్లకు కుడిదిక్కు వెనుక తలుపులు తీసి పెట్టిన నేను. కట్టె పొడుసుకుంట కొత్తదాని పక్క నుంచి నడిచి పోయిండు. పాతదాని కాడ ఆగి, కట్టె నా చేతికిచ్చి, కుడిచేత్తోటి తలుపు పట్టుకొని కూసున్నడు. ఎడమకాలు ఒక్కటి నేను ఎత్తి లోపల పెట్టిన. సాగర్ రోడ్డు ఎక్కంగనే బటన్ నొక్కి అద్దమంత కిందికి దించిండు. లారీలు, దుమ్ము, డీజిల్ వాసన అంత వచ్చి నా మొకాన కొట్టింది. మూయమని నేను అనలే. డాక్టరమ్మ రాకముందే దవాఖాన బల్ల మీద కూసున్నం.