నాలుగంగుళాల గొట్టం

గొట్టం బాబాయి ఎవరింటికి వెళ్లినా "బాగున్నారా" అని అడగడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "మీ గీజరు పొగ ఎటు పోతోంది?" అని అడుగుతాడు. చెప్పగలిగినవాళ్లతో కూర్చుని టీ తాగుతాడు. చెప్పలేనివాళ్ల బాత్రూంలోకి సంచీతో సహా దూరిపోతాడు.

గ్యాస్ గీజర్లు బిగించడం ఆయన వృత్తి. వాటి పొగగొట్టాలు బయటికి తిన్నగా పోతున్నాయో లేదోనని బెంగపడటం ఆయన జబ్బు. చుట్టాల్లో ఆయన గోడకు కన్నం వెయ్యని ఇల్లంటూ లేదు. దొంగలైనా కొన్ని ఇళ్లు వదిలేస్తారని పిన్ని వాపోతుంది.

ఈ జబ్బు వల్ల అందరికంటే ఎక్కువ తల దించుకున్నది ఆయన అన్నకూతురు. పెళ్లాడబోయే మనిషిని ఆమె మొదటిసారి ఇంటికి తీసుకొస్తే, పెద్దవాళ్లంతా ఉద్యోగం సంగతి అడిగారు, తల్లిదండ్రుల సంగతి అడిగారు. బాబాయి మాత్రం, "మరి పొగ సంగతేమిటి బాబూ?" అన్నాడు. ఆ అమాయకుడు తడబడి, "మానేశానండీ" అన్నాడు. అప్పటిదాకా అతను సిగరెట్లు కాల్చేవాడని ఎవరికీ తెలియదు.

అందుకే తాము కొత్తగా అద్దెకు దిగిన ఇంటికి బాబాయి వస్తానని ఫోన్ చేసేసరికి ఆమెకు గుండెల్లో రాయి పడింది. కింది వాటాలో ఇంటి యజమానురాలు ఉంటుంది. ముప్ఫయ్యేళ్లు పిల్లలకు వ్యాకరణం నూరిపోసి రిటైరైన హెడ్మిస్ట్రెస్. గోడకు మేకు కొట్టకూడదన్నది ఆవిడ మొదటి షరతు. దాంతో వీళ్లింట్లో క్యాలెండరు కూడా కుర్చీలోనే కూర్చుంటుంది. అలాంటి చోట కన్నం అన్న మాట వినబడిందంటే ఇంకేమన్నా ఉందా?

పైగా ఆ ఇంట్లో ఉండే యోగం ఇంకా ఎన్నాళ్లో తెలియదు. ఆమె భర్త రోజూ పొద్దున్న ఏడింటికి వేణువు వాయిస్తాడు. సరిగ్గా ఏడింటికే కింద హెడ్మిస్ట్రెస్ స్నానానికి వెళుతుంది. బయటికొచ్చేసరికి తల పగిలిపోతూ, కళ్లు తిరుగుతూ, కడుపులో తిప్పుతూ ఉంటుంది. చలికాలం మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. నేరం వేణువు మీద పడింది. పాపం అతను బట్టల బీరువాలో తల పెట్టి వాయించి చూశాడు. అయినా ఆవిడ తలనొప్పి తగ్గలేదు. నెలాఖరుకి ఖాళీ చెయ్యమంది. పంతొమ్మిది ఇళ్లు చూసి కాళ్లరిగాక దొరికిన ఇరవయ్యో ఇల్లది. మళ్లీ ఆ తిరుగుడంటే ఆమెకు ఏడుపొచ్చేస్తోంది.

బాబాయి రానే వచ్చాడు. పై వాటా గీజరు చూశాడు, పాసు మార్కులు వేశాడు, టీ అందుకున్నాడు. కింద ఉన్నావిడతో మాట్లాడనని, పొగ ఊసే ఎత్తనని ఆమె ఆయన చేత ఒట్టు పెట్టించుకుంది. ఆయన బుద్ధిగా తలూపాడు.

అంతలో హెడ్మిస్ట్రెస్సే మెట్లెక్కి వచ్చింది. ఊదారంగు శాలువాని నిలువునా సగానికి కత్తిరించిన ముక్క ఒకటి నొప్పికి తల చుట్టూ బిగించి కట్టుకుంది. ఇంకో ఇల్లు చూసుకున్నారా లేదా అని అడిగి, పొద్దున స్నానం దగ్గర మొదలైన తన బాధంతా వరసగా అప్పజెప్పింది.

బాబాయి కప్పు కింద పెట్టాడు.

"స్నానం చేశాకేనా అమ్మా? కిటికీ మూసుకునేనా?"

"చలికాలం కిటికీ తెరుచుకుని ఎవరు స్నానం చేస్తారు?"

ఒట్టు అక్కడే గట్టున పడింది. ఆయన సంచీ అందుకుని రెండేసి మెట్లు దిగాడు, వెనక ఇద్దరాడవాళ్లూ పరుగు. వద్దంటున్నా వినకుండా బాత్రూంలో దూరి వేడినీళ్లు విప్పాడు. గీజరులో మంట నీలంగా ఉండాల్సింది పోయి పసుపుపచ్చగా నాలుక చాపింది. ఆయన అగ్గిపుల్ల గీసి, ఊది ఆర్పేసి, దాని పొగని గొట్టం మొదట్లో పట్టాడు. గొట్టం బాగుంటే ఆ పొగ లోపలికి పీల్చుకుపోవాలి. అది వెనక్కి తిరిగి ఆయన మొహానికే కొట్టింది. వెంటనే గీజరు కట్టేసి, కిటికీ బార్లా తెరిచి, ఇది బాగయ్యేదాకా ముట్టుకోవద్దన్నాడు. కింద గాలి రావడానికి గోడకో కన్నం కూడా పడాలన్నాడు.

కన్నం అనగానే ఆవిడకు వ్యాకరణం ఎగిరిపోయింది. జన్మంతా అందరినీ మీరు అని పిలిచిన మనిషి నువ్వులోకి దిగిపోయింది.

"నా గోడకు కన్నమేస్తావా? అసలు నువ్వు ఏ గొట్టంగాడివి?"

బాబాయి నొచ్చుకోలేదు. అడిగిన దానికి జవాబు చెప్పాడు.

"నాలుగంగుళాల గొట్టమమ్మా. మీకదే కావాలి. పొగ బయటికి పోకపోతే గదిలో విషవాయువు నిండుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. మర్యాదగా వచ్చి మనిషిని పడుకోబెట్టేస్తుంది. ఈ ఇంట్లో గాలి సరిగ్గా ఆడుతున్న గొట్టం మా అల్లుడి వేణువొక్కటే."

పెరట్లోకి వెళ్లి నిచ్చెన వేసుకుని, గోడలోంచి బయటికి వచ్చిన గొట్టం మూతిలో చెయ్యి పెట్టి లాగాడు. గుప్పెడు గుడ్డ వచ్చింది. ఊదారంగు శాలువా. రెండో సగం.

అన్నకూతురికి ఒళ్లు మండిపోయింది. చలిగాలి రాకుండా గొట్టం మూతిలో గుడ్డ తనే కుక్కుకుని, నేరం తన మొగుడి నెత్తిన వేస్తుందా ఈవిడ? ఎన్నాళ్లుగానో మింగిన మాటలన్నీ ఒక్కసారి కడిగేద్దామని నోరు తెరిచింది. నిచ్చెన దిగుతున్న బాబాయి సరిగ్గా ఆమె కాలి మీద అడుగేశాడు.

"పావురాలండీ," అన్నాడు గుడ్డని సంచీలో కుక్కేస్తూ. "ఈ మధ్య మరీ తెలివి మీరాయి."

హెడ్మిస్ట్రెస్ చెయ్యి మెల్లిగా తల మీది శాలువా మీదికి వెళ్లింది. సాయంత్రానికల్లా బాబాయి గొట్టానికి జాలీ టోపీ తొడిగాడు, గోడకు కన్నం పడింది. రెండోసారి గీసిన అగ్గిపుల్ల పొగ చెప్పినట్టు విని లోపలికి పోయింది.

వీధి చివరిదాకా సాగనంపుతూ, ఎందుకు కాలు తొక్కావు, పావురాలు శాలువాలు కత్తిరిస్తాయా అని అన్నకూతురు నిలదీసింది.

"ఇన్నాళ్లూ తలనొప్పి పడింది కదమ్మా. సిగ్గు కూడా ఎందుకు?" అన్నాడు బాబాయి. చిన్నప్పటి నుంచీ ఈయన వల్ల తను పడ్డ సిగ్గులన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. ఆయన విపరీతంగా ముద్దొచ్చాడు.

మర్నాడు ఏడున్నరకు హెడ్మిస్ట్రెస్ మళ్లీ మెట్లెక్కింది. వేణువు టక్కున ఆగింది. ఆవిడ తలకు కట్టు లేదు. ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదని, వాయించేవాళ్లు బీరువాలోంచి బయటికొచ్చి వాయించుకోవచ్చని, క్యాలెండరుకి ఒక్క మేకు కొట్టుకోవచ్చని చెప్పింది. తర్వాత ఉతికి మడతపెట్టిన శాలువా ముక్క అన్నకూతురి చేతిలో పెట్టింది.

"మీ బాబాయికివ్వండి. ఆ పావురాలకి మిగిలిన సగం కూడా ఇచ్చేశానని చెప్పండి."

రెండు మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరిగింది.

"నిన్న ఆయన్ని ఒక మాట అన్నాను. అందులో ఒక అక్షరం తప్పు. గొట్టంగాడు కాదు, గొట్టంగారు."