కుటుంబానికొక చెయ్యి

గ్రీకు నాటకం మీద నేను చేసిన ఉపన్యాసమే నా కొంప ముంచింది.

ఈ తమిళ నగరంలోని చూలై పేటలో మా తెలుగు సంఘానికి మేడమీద ఒక హాలుంది. కింద పెళ్ళిపత్రికలు అచ్చేసే ప్రెస్సు, పైన మేము. పోయినేడు ఒక ఆదివారం ఆ హాల్లో గంటసేపు మాట్లాడాను. రెండున్నర వేల ఏళ్ళ కిందటి గ్రీకు నగరంలో నాటకమంటే కాలక్షేపం కాదనీ, దేవుడి ఉత్సవంలో పట్టపగలు కొండవాలున ఊరంతా కూర్చుని తన్ను తాను చూసుకునే అద్దమనీ చెప్పాను. ఆ అద్దంలోని పగుళ్ళూ చూపించాను. వేదిక మీద తల్లులు, భార్యలు, కూతుళ్ళు నిప్పులు కక్కేవాళ్ళు. కానీ ఆ ముసుగుల వెనక ఉన్నదంతా మగవాళ్ళే. సభకు వెళ్ళి చెయ్యెత్తే హక్కు కూడా పౌరుడైన మగవాడిదే. ఆడవాళ్ళకు లేదు, బానిసలకు లేదు. అక్కడి తత్వవేత్తల్లో ఒకాయన ఆడది కూడా రాజ్యం ఏలగలదని వాదించాడు. ఆయన శిష్యుడేమో, ఆడదానికి ఆలోచన ఉంటుంది గానీ ఆ ఆలోచనకు అధికారం ఉండదని తేల్చేశాడు. అంత పెద్ద బుర్రలో కూడా ఆ ఊరి వీధులే, ఆ వీధుల్లోని నమ్మకాలే ఉన్నాయని అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. అర్థమైందనుకున్నాను.

ఆ ఊపులో వార్షికోత్సవానికి నలభై నిమిషాల నాటిక రాసిచ్చాను. కథ నేను కల్పించిందే. గ్రీకు నగరంలో ఒక తల్లి. కొడుకు యుద్ధంలో చచ్చాడు. ఆమె సభలోకి నడిచివచ్చి, యుద్ధానికి చెయ్యెత్తిన పెద్దలను ఒక్కొక్కరినీ నిలదీస్తుంది. అంతే నాటిక.

ఆ తల్లి పాత్రకు నా మనసులో ఒకే మనిషి ఉంది. కోడంబాక్కంలో ఉంటుంది, సినిమాలకు డబ్బింగు చెబుతుంది. తెలుగు దేశమంతా ఆమె గొంతు విన్నది, ముఖం చూసినవాళ్ళు లేరు. మా వార్షికోత్సవాల్లో తెర వెనక నుంచి ప్రకటనలు చదివేది కూడా ఆమే. నాటిక చదివి ఆమె ఫోన్ చేసింది.

"సార్, ముప్పై ఏండ్లుగా వేరేవాళ్ళ పెదాలు చూసి మాట్లాడతా ఉండాను. ఒక్కసారన్నా నా పెదాలు చూస్తా జనం వినాలని ఉండాది. ఈ తల్లిని నాకే ఇయ్యండి."

ఇస్తానన్నాను. ఇవ్వడం నా చేతిలో పని అనుకున్నాను.

సభ్యుల సమావేశంలో కార్యదర్శి నాటిక ప్రతి పట్టుకుని లేచాడు. నాలుగు తరాలుగా చూలైలో వంటపాత్రల వ్యాపారం చేస్తున్న కుటుంబం ఆయనది.

"నాటకం రొంబ బాగుండాది సార్. ఆ తల్లి వేషం మాత్రం మన ట్రెజరర్ కడతాడు."

ట్రెజరరుకు అంబత్తూరులో లేతు మెషిన్ల వర్క్‌షాపు ఉంది. మనిషి ఆరడుగులు, మీసాలు చెవుల దాకా.

"ఈయనా?" అన్నాను.

"మీరే కదా సార్ చెప్పింది, ఆడ గ్రీకు దేశంలో ఆడోళ్ళ వేషాలు మొగోళ్ళే కట్టేదని. మన పాత నాటకాల్లోనూ అట్నే కదా. పద్ధతిని పద్ధతిగా చేస్తాం."

జబ్బు ఎలా వస్తుందో చెబితే, దాన్ని మందుచీటీ అనుకుని జేబులో పెట్టుకున్నారు.

"అది వాళ్ళ లోపమని చెప్పాను. పద్ధతని చెప్పలేదు."

"లోపమో ఏదో, ఉండింది కదా సార్?"

ట్రెజరర్ మీసం తడుముకున్నాడు. "మాస్కు ఏస్తారంట కదా. అయితే దీన్ని తియ్యాల్సిన పన్లేదు."

"మాస్కు వేస్తే లోపల ఎవరుంటేనేం? మన ప్రకటనలు చదివే ఆవిడనే ఉండనివ్వండి."

"సుమ్మా ఊరికే వాదించొద్దు సార్," అన్నాడు కార్యదర్శి. "ఆయమ్మ మెంబరు కాదు."

మా సంఘంలో సభ్యత్వం కుటుంబానికొకటి. కార్డు ఇంటి యజమాని పేరున ఉంటుంది. ఓటు ఆయనది. వేదిక ఎక్కాలంటే కార్డున్నవాళ్ళు గానీ, కార్డున్నవాళ్ళ ఇంటివాళ్ళు గానీ అయుండాలి. ఆమె భర్త నుంచి విడిపోయిన మనిషి. ఎవరి కార్డులోనూ లేదు. తెర వెనక నుంచి మాట్లాడటానికి మాత్రం ఏ రూలూ అడ్డం రాలేదు.

అరగంట వాదించాను. నా చదువంతా ఈ నగరపు చర్చా వేదికల మీదే. దేవుడున్నాడా అన్న దగ్గర నుంచి పెళ్ళికి పురోహితుడెందుకు అన్న దాకా గొంతు చించుకున్నవాణ్ణి. ఆ రోజుల్లో ఎదుటివాళ్ళు చెప్పులు విసిరేవాళ్ళు. దానికి జవాబు తెలుసు. మన మాటనే మడిచి మన చేతికిచ్చి నవ్వేవాళ్ళకు జవాబు తెలియదు. చివరికి చేతులెత్తమన్నారు. అటు అడవిలా లేచాయి. ఇటు నాదీ, ఇంకో ఇద్దరిదీ.

ఇంటికొచ్చి మా ఆవిడ ముందు అరిచాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నది.

"మందే, గొర్రెల మంద!" అన్నాను.

"మన ఇంటి చెయ్యి మీరెత్తారు. ఎత్తేముందు నన్నడిగారా?"

"నిన్ను అడగడమెందుకు? నువ్వు నా పక్షమేగా."

"ఆ గొర్రెలూ వాళ్ళ పెళ్ళాల గురించి అట్లాగే అనుకునుంటాయి."

"సరే, అడిగుంటే ఏమనేదానివి?"

"ఇప్పుడడిగి ఏం లాభం లెండి," అని గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

ఇరవై ఏళ్ళకు పైగా ఆ కార్డు నా పర్సులో ఉంది. తీసి చూశాను. నా పేరు, దాని పక్కన 'మరియు కుటుంబం'. గ్రీకు తత్వవేత్త బుర్రలో వీధులు వెతికినవాణ్ణి, నా పర్సులో వెతకలేదు.

వారం తర్వాత కార్యదర్శి రాజీ కుదిర్చానని కబురు చేశాడు. ఆమెనూ పిలిచారు. హాల్లో ఆయన, ట్రెజరర్, ఇంకో నలుగురు. టీలు వచ్చాయి. ట్రెజరర్ ముసుగుతో నిలబడి చేతులూపుతాడు, ఆమె తెర వెనక నుంచి మాటలు చెబుతుంది. ఇదీ రాజీ.

ఆమె నొచ్చుకున్నట్టు కనపడలేదు. "ఒక తూరి చెప్పి చూపించేదా అన్నా?" అని అడిగి, కుర్చీ వెనక్కి జరిపి నిలబడింది. చేతిలో కాగితం లేదు.

"చెయ్యెత్తిన పెద్దలారా, ఎత్తిన ఆ చేతుల్ని దించకండి. ఒక్కసారి వాటి కింద నన్ను నిలబడనివ్వండి. నా ఇంటి నుంచి లేచిన చెయ్యి నా మొగుడిది. నా ఇంటి నుంచి లేచిన శవం నా కొడుకుది. ఆ రెంటి మధ్య నేనెక్కడున్నానో ఎవరైనా చూశారా?"

నేను రాసినవే ఆ మాటలు. నాకే కొత్తగా వినిపించాయి. గొంతు పెంచలేదు. కళ్ళు ఒక్కొక్కరి మీదా ఆగి కదిలాయి. ట్రెజరర్ తుండుతో ముఖం తుడుచుకున్నాడు.

కార్యదర్శి ముందుగా తేరుకున్నాడు. "అబ్బ! ఇదే తల్లీ మాకు కావాల్సింది. ఈ గొంతే! తెర ఎనక మంచి మైకు పెట్టిస్తాం."

ఆమె ట్రెజరర్ వైపు తిరిగింది. "అన్నా, నీకు కండ్లల్లో నీళ్ళొచ్చింది నా మొగం చూసి కదా?"

"అవునమ్మా. అబద్ధం చెప్పను."

"మరి?"

"రూలు ఉండాది కదమ్మా."

"రూలుకు కూడా ఒక తూరి చెప్పి చూపించేదా?"

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. సంచీ భుజానికి తగిలించుకుంది. "ఎనక నుంచి మాట్లాడేది నా ఉద్యోగం. ఆడ చేస్తా. ఈడ చెయ్యను. ఈ ఏడు ప్రకటనలకు కూడా వేరే ఎవురినైనా చూసుకోండి."

నాటిక వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. నోటీసు అచ్చైపోయిందని కార్యదర్శి బాధపడ్డాడు. వార్షికోత్సవంలో ఆ నలభై నిమిషాలూ సినిమా పాటలతో నింపారు.

ఆమె వద్దన్న రోజున మెట్లు దిగుతుంటే, కోడంబాక్కంలో ఆమె ఉండే మేడ మీదే నాటిక వేద్దామన్నాను.

"వద్దు సార్. ఆడ చేసుకుంటే వీళ్ళకు నిమ్మళంగా ఉంటాది. ఎప్పుడైనా సరే, ఈ స్టేజీ మీదనే." ఒక మెట్టు ఆగింది. "రూలు మార్చాలంటే ఎవురు చెయ్యెత్తాల?"

"మెంబర్లు."

"అంటే వాళ్ళే," అని బస్సు కోసం వెళ్ళిపోయింది.

కార్డు మీద ఇంట్లోని పెద్దవాళ్ళందరి పేర్లూ ఉండాలని, ఒంటరి మనిషికీ కార్డు ఇవ్వాలని ఒక సవరణ రాశాను. ఈసారి మా ఆవిడకు చూపించాను. తిట్లున్న వాక్యాలన్నీ కొట్టేసి, మిగిలిన నాలుగింటి కింద ముందు తన సంతకం పెట్టింది. అది చెల్లదన్నాను. చెల్లకపోయినా ఉండనివ్వమంది.

ఆ కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నాను. పగటిపూట తలుపు తీసేది ఆడవాళ్ళే.

"ఆయన లేడు సార్, సాయంత్రం రండి."

మీతోనే మాట్లాడాలని వచ్చానమ్మా అంటాను. ఇల్లు తప్పి వచ్చినవాణ్ణి చూసినట్టు చూసి, మళ్ళీ ఆ మాటే చెబుతారు.