పాడించి తీసుకున్న కొలత

దర్జీ పని చేసే చెల్లెలు చర్చి పాటల బృందం ముందు గెలిచిన తగువును అక్క కళ్ళారా చూసింది. చూడడమేమిటి, చెవులారా విని, కడుపుబ్బా నవ్వి, ఇంటికి వెళ్ళే దారిలో ఎదురైన వాళ్ళందరికీ గొంతు మార్చి మరీ వినిపించింది.

తగువు అంగీల గురించి. చర్చిలో పాడేవాళ్ళందరికీ ఒకే రకం తెల్లని పొడవాటి అంగీలు కుట్టింది చెల్లెలు. అందరికన్నా పై స్థాయిలో, చేతులెత్తి పాడే ఆసుపత్రి నర్సమ్మ, ఆరాధన ముగియగానే చేతులు చాపి చూపించింది.

"ఏం వదినా, ఇది అంగీయా, బనీనా? పాడుతుంటే చేతులు మోచేతుల దాకా పాకిపోతున్నాయి. కత్తెర పట్టుకుని నిద్రపోయావా?"

చెల్లెలి ఎడమ కనుబొమ లేచింది. అది లేచిందంటే మాట బయల్దేరినట్టే.

"అంగీనెందుకు అంటావు వదినా? గొంతు పైకి పోవడం లేదని నువ్వు చేతుల్ని పంపిస్తున్నావు. నా కుట్టు పాపం ఎంత దూరమని వెంటపడుతుంది?"

మొదట నవ్వింది అక్క. దాంతో మిగతావాళ్ళకీ ధైర్యమొచ్చింది. పాస్టరుగారు పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు గానీ, ఊగే భుజాలను దాచుకోలేకపోయారు. నర్సమ్మ అంగీ విప్పి, మడిచి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం వచ్చింది గానీ, వెనక బల్ల మీద కూర్చుని నోరు విప్పలేదు. ఆ తర్వాతా అంతే. పాట పైకి ఎక్కాల్సిన చోటికి వచ్చేసరికి ఎక్కేవాళ్ళు లేక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఓసారి చెల్లెలే తెగించి ఎక్కబోయింది. ముందు వరుసలో పసిపాప ఉలిక్కిపడి గుక్కపట్టింది.

"దేవుడు నాకు జవాబిచ్చాడక్కా, ఆ పిల్ల నోటితో," అంది చెల్లెలు దారిలో.

"ఏదైతేనేం, తగువు గెలిచావుగా!"

"గెలిచి ఏం తెచ్చుకున్నాను? పాటలో ఇంత చిల్లు. నేనెన్ని మాసికలు వేసినా పూడేది కాదు."

అక్కకి ఈ ధోరణి నచ్చలేదు. ఆమెకి చదువబ్బలేదు గానీ, ఎదుటివాళ్ళ లోపాలు పట్టడంలో తనని మించినవాళ్ళు లేరని గట్టి నమ్మకం. భర్త పోయినప్పటి నుంచి చెల్లెలి కొట్లో కూర్చుని గుండీలు కుడుతోంది. గుండీలు పేరుకే. అసలు ఉద్యోగం చెల్లెలి మాటలు ఏరుకోవడం, వీధికి పంచడం. చెల్లెలు మంచిదైపోతే ఆ ఉద్యోగం ఊడినట్టే.

ఆ సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పి, చెల్లెలు కళ్ళు మూసుకుని పైకే ప్రార్థించింది. "ప్రభువా, నా నోటికి కాజా నేనే కుట్టుకుంటాను. గుండీ మాత్రం నువ్వు పెట్టు. నేను పెట్టిందల్లా ఊడిపోతోంది."

"ఆమెన్," అంది అక్క. అలవాటు కొద్దీ అంది, ఇష్టం కొద్దీ కాదు.

మర్నాటి నుంచి కొలతలు తీసేటప్పుడు చెల్లెలు పెదవుల మధ్య గుండుసూదులు బిగించడం మొదలుపెట్టింది. దర్జీలు చేసే పనే. కాకపోతే ఎవరైనా ఒకటో రెండో పెట్టుకుంటారు. ఈవిడ నోరు చూస్తే దువ్వెన కరుచుకున్నట్టుంది.

"దేవుణ్ణి నమ్ముకున్నావా, సూదుల్ని నమ్ముకున్నావా?" అడిగింది అక్క.

చెల్లెలు సూదులు తీసి చెప్పింది. "దేవుణ్ణే. ఆయనకి నా మీద నమ్మకముంది. నాకే లేదు."

ఆ రోజే ఒక లావుపాటి గుమాస్తా వచ్చి, ప్యాంటు బీరువాలో ఉండి ఉండి నడుం దగ్గర దానంతటదే బిగుసుకుపోయిందమ్మా అన్నాడు. అక్క గోడ వైపు తిరిగి, నవ్వడానికి సిద్ధంగా కూర్చుంది. చెల్లెలు "ఊఁ" అంది. అంతే. ఆయన మెట్లు దిగాక సూదులు ఊసేసి, బల్ల పట్టుకుని మూలిగింది. "ప్రభువా, మరీ ఇంత సులువైనవి పంపకయ్యా!"

కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం నర్సమ్మ డ్యూటీ దిగి నేరుగా కొట్టుకే వచ్చింది. చంకలో అంగీ.

"ఇదిగో, పొట్టి చేతులవాళ్ళెవరైనా ఉంటే ఇచ్చుకో. నేనిక పాడను. పాస్టరుగారికీ ఇవాళే చెప్పేస్తాను."

చెల్లెలి నోటి నిండా సూదులు. "ఊఁ" అంది.

"ఊఁ అంటే? తప్పు నీదేనని ఒప్పుకుంటున్నావా?"

"ఊఁహూఁ."

"చూశావా, ఇప్పటికీ ఒప్పుకోవు! నీ కళ్ళతోనే చూడు!" నర్సమ్మ అక్కడికక్కడే అంగీ తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తింది. గుడ్డ జర్రున మోచేతుల దాకా జారింది. "నా గొంతు పైకి పోదన్నావుగా. పోనీ, చేతులైనా పోతున్నాయి! ఏమంటావిప్పుడు?"

అక్క చేతిలో సూది గుండీలో సగం దిగి ఆగిపోయింది. ఇలాంటి అవకాశం వెతికినా దొరకదు. చెల్లెలి ఎడమ కనుబొమ లేచింది. పెదవుల నుంచి ఒక్కో సూదీ తీసి దూది మెత్తకి గుచ్చుతోంది. అన్నీ తీసేసింది. ఇక నోటికి అడ్డేమీ లేదు. అక్క నవ్వు గొంతు దాకా వచ్చి నిలబడింది.

చెల్లెలు కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి, శబ్దం లేదు. కనుబొమ మెల్లగా కిందికి దిగింది. మాట అనకుండా ఆ కనుబొమ దిగడం, పుట్టినప్పటి నుంచీ దాన్ని ఎరిగిన అక్క ఎన్నడూ చూడలేదు.

"చేతులు దించకు వదినా," అంది చెల్లెలు. టేపు కొస నర్సమ్మ భుజం ఎముక మీద ఆనించి మణికట్టు దాకా లాగింది. "అందరినీ చేతులు వేలాడేయించి కొలుస్తాను. నిన్నూ అలాగే కొలిచాను. చేతులెత్తకుండా నువ్వు పాడలేవని ఇన్నేళ్ళుగా చూస్తూ కూడా! నిన్ను పాడించి కొలవాల్సింది. తప్పు నాదే. ఆ రోజన్న మాట ఇంకా పెద్ద తప్పు. నువ్వు లేక పాట నేల మీద దేకుతోంది. పాడు వదినా."

"ఇక్కడా?"

"కొలత కోసం."

నర్సమ్మ గొంతు సవరించుకుని, మొదట కోపంగానే ఒక చరణం అందుకుంది. పై స్థాయికి చేరేసరికి కోపం ఎక్కడో జారిపోయింది. వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ఆగి చూశారు. చెల్లెలు కళ్ళు తుడుచుకుని టేపు మళ్ళీ మొదటి నుంచి పట్టాల్సి వచ్చింది. లోపల మడతలో వదిలిన గుడ్డ విప్పితే సరిపోతుందని తేలింది.

"ఆదివారం చర్చికే తెచ్చెయ్యి. అక్కడే తొడుక్కుంటాను," అంది నర్సమ్మ. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "ఇందాక ఓ మాట నోటిదాకా వచ్చింది కదూ?"

"వచ్చింది. భలే మాట."

"మరేం చేశావు?"

"ప్రభువుకి చెప్పేశాను. ఆయన ఎవరికీ చెప్పడు."

నర్సమ్మ నవ్వుకుంటూ వెళ్ళింది. ఆమె మలుపు తిరిగేదాకా కూడా అక్క ఆగలేకపోయింది. గుండీల డబ్బా పక్కకి తోసి దగ్గరికి జరిగింది.

"ఏమిటే ఆ మాట? నా చెవిలో చెప్పు. చచ్చినా బయటపెట్టను."

"నీ సంగతి నాకు తెలీదా?" చెల్లెలు అంగీ చేతి కుట్లు విప్పుతూ తలెత్తలేదు. "అక్కా, మాట మింగడానికి దేవుడు సాయం చేస్తాడు. ఇవాళ చేశాడు కూడా. కానీ నీ నవ్వు వినబడుతుందనుకుంటే నా నాలుక ఆయన మాట కూడా వినదు. చిన్నప్పటి నుంచీ నిన్ను నవ్వించడానికే కదా దీనికి ఇంత పదును పెట్టుకున్నాను. నాకో సాయం చేసి పెట్టు."

"ఏమిటది?"

"నేనెవర్నైనా ఏదైనా అంటే నువ్వు నవ్వకు. ఆపుకోలేకపోతే ఇదిగో," అని సూదుల మెత్తని అక్క ఒళ్ళోకి తోసింది. "ఇకమీదట ఇవి నీ నోట్లో పెట్టుకో."