కండువాయన్ని పొగడటానికి శ్రీకాకుళం వెళ్లాను

పొద్దున్న ఐదున్నరకి అక్క ఫోను చేసింది.

"ఒరే అప్పన్నా, మీ బావ ఆపరేషనొద్దంతన్నాడు. సెప్పులేసుకుని మంచం మీద కూకున్నాడు. ఇంటికెల్లిపోతాడట. నువ్వొచ్చి సెప్పరా."

బావని గుండెనొప్పితో శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. బైపాస్ చెయ్యాలి. సర్జను విశాఖపట్నం నుంచి వారానికి ఒక్కసారే వస్తాడు. ఆ రోజు మధ్యాహ్నం బావ వంతు. ఇంకో వారం ఆగితే, ఈలోగా మళ్లీ నొప్పి వస్తే మనిషి దక్కడని డాక్టరు అక్కకి నిర్మొహమాటంగా చెప్పేశాడు. ఆ మాట అక్క నాకు చెప్పి ఏడ్చింది. చేతికందిన చొక్కా తగిలించుకుని విజయనగరం స్టేషనుకి పరిగెత్తాను.

ఏడు దాటాక పలాస వైపు వెళ్లే పాసింజరు దొరికింది. కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడాలనిపించలేదు. ప్లాట్‌ఫారం మీద కొన్న ఇడ్లీ పొట్లం విప్పకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బావ మా నాన్న మాట వినడు, అక్క మాట వినడు. నా మాట అసలే వినడు. దానికి కారణం సినిమా.

మా తరంలో మా జిల్లాల్లో ప్రతి మగాడూ ఇద్దరు హీరోల్లో ఒకరి మనిషి. వాళ్ల పేర్లు రాయను. రాస్తే ఈ వయసులో కూడా కర్ర పట్టుకుని నా ఇంటి మీదికి వచ్చేవాళ్లున్నారు. మావాణ్ణి కత్తాయన అనేవాళ్లం. జానపదాల వీరుడు. రంగుల్లేని రోజుల్లో కూడా ఆయన కత్తి దూస్తే తెర మెరిసేది. ఇప్పటి హీరోల్ని తాళ్లు కట్టి ఎగరేస్తున్నారు. ఆయన కోటగోడ మీంచి నిజంగా దూకేవాడు. అట్టగోడే కావచ్చు, దూకింది మాత్రం ఆయనే. అవతలివాడు కండువాయన. కుటుంబ చిత్రాల నాయకుడు. ప్రతి సినిమాలోనూ భుజాన ఒక కండువా, ఆఖరి రీల్లో దాంతో కళ్లొత్తుకోవడం.

మా సూరిబావది కళింగపట్నం, పడవలున్న కుటుంబం. అక్క పెళ్లికి విడిదింట్లో పెళ్లికొడుకు నన్నడిగిన మొదటి మాట, "నువ్వెవుడి మనిసివిరా?" కత్తాయన మనిషినని చెప్పాను. మొహం తిప్పుకుని, "పిల్ల మంచిదే, ఏటి సేస్తాం" అన్నాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఏ పండక్కి కలిసినా, ఏ చావుకి కలిసినా అదే తగువు. "మీవోడు గుర్రమెక్కితే గుర్రమే బాగా యాక్ట్ సేస్తాది" అనేవాడు. "మీవాడి కండువా పిండితే వంశధారకి వరదొస్తుంది" అనేవాణ్ణి. ఒకరి హీరోని ఇంకొకరం ఒక్కసారైనా మెచ్చుకున్న పాపాన పోలేదు.

చీపురుపల్లి ఇంకా రాకముందే రైలు ఆగిపోయింది. గూడ్సుకి దారిచ్చారన్నారు. నిమిషాలు గడుస్తున్నాయి, బండి కదలదు. ఎదురు సీట్లో ముసలమ్మ ఒకామె, ఒళ్లో జీడిపప్పు సంచి, నన్నే చూస్తోంది.

"ఏటి బాబూ, అస్తమానం వాచీ సూస్తన్నావు?"

చెప్పాను. బావ మొండితనం, మా తగువు, అన్నీ చెప్పాను. ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది.

"పేనం మీదికొచ్చినోడితో తగువేటి? ఆయనకి నచ్చిన మాట ఒక్కటి సెప్పు. మనసు సల్లబడతాది. నువ్వు సెప్పినట్టు ఇంతాడు."

నిజమే అనిపించింది. పైగా అబద్ధమాడక్కర్లేదు. కండువాయన సినిమా ఒకదాంట్లో వడ్డన సీనుంది. చెల్లెలి పెళ్లి విందులో ఆయన సాంబారు వడ్డిస్తుంటాడు. తల్లి పోయిందని ఎవరో చెవిలో చెబుతారు. పెళ్లి ఆగిపోకూడదని ఆయన వడ్డన ఆపడు. మొహంలో ఏమీ ఉండదు. చేతిలో గరిటె వణుకుతుంది, అంతే. కండువా ముట్టుకోడు. మావాడు జన్మలో అలా చెయ్యలేడు. ఈ సంగతి బావకి చెప్పేద్దామని ఆ ఆగిన బండిలోనే కూర్చుని నిశ్చయించుకున్నాను.

రైలు ఆలస్యంగానే ఆమదాలవలస చేరింది. వెళ్లేవాళ్లకి ఒక మాట. స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డే గాని ఊరు అక్కడ లేదు. బయట బస్సులూ, షేర్ ఆటోలూ ఉంటాయి. నేను బస్సు కోసం ఆగకుండా ఆటో ఒక్కణ్ణే మాట్లాడుకున్నాను. ఏడురోడ్ల జంక్షను దగ్గర బళ్లు కదలడం లేదు. "దిగి నడిసెల్లిపో బాబూ, తొరగా ఎల్తావు" అన్నాడు డ్రైవరు. నడవలేదు, పరిగెత్తాను.

గదిలో బావ సగం అయిపోయి ఉన్నాడు. చేతికి సూది, కాళ్లకి చెప్పులు. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నన్ను చూసి బావ, "ఈణ్ణెందుకు పిలిసేవు?" అన్నాడు.

మంచం మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. అదీ ఎప్పుడూ చెయ్యని పనే. "బావా, ఇన్నాళ్లూ అన్లేదు గాని, మీవోడి వడ్డన సీనుంది సూడు, అలాటి యాక్షను ఇంకెవుడూ సెయ్యలేడు. మావోడూ సెయ్యలేడు."

బావ మొహంలో రక్తం లేదు. చెయ్యి లాక్కున్నాడు.

"డాకటరు నీకేటి సెప్పాడు?"

"ఏటీ సెప్పలేదు."

"సెప్పాడు. నేకపోతే నువ్వు మావోణ్ణి పొగడవు. నాను పోతన్నాను. అది తెలిసే వొచ్చేవు." అక్క వైపు తిరిగాడు. "ఒసే, ఈడే ఒప్పేసుకున్నాడంటే నా పని అయిపోయినట్టే. పద. నా ఇంట్లో పోతాను."

మంచం దిగేశాడు. సూది పట్టీ పీకబోతుంటే నర్సు వచ్చి చెయ్యి పట్టుకుంది. అక్క గోడకి జారబడి ఏడుస్తోంది. బయట స్ట్రెచరు తెచ్చిన మనిషి, "సారు వచ్చేసారు, తొరగా" అంటున్నాడు. నేను చూస్తుండగా, నా మాట వల్లే, మనిషి చావుకి బయల్దేరుతున్నాడు.

"ఆగవోయ్!" అని అరిచాను. "మా అక్క ఏడుపు సూళ్లేక ఓ ముక్కంటే నెత్తికెక్కించుకుంతావేటి? మీవోడి మొకం! ఆ గరిటె వణికింది యాక్షనుకి కాదు, సాంబారు గిన్నె బరువుకి! వడ్డించడం కూడా సేతగానోడు!"

నర్సు నోరు తెరుచుకుని చూసింది. బావ ఆగాడు. నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. మెల్లిగా ఆయన మొహంలోకి కోపం వచ్చింది. అంత అందమైన కోపం నేను ఏ తెర మీదా చూడలేదు.

"బరువుకా?"

"బరువుకే. గుర్రమెక్కే మావోడైతే గిన్నెలు మొయ్యగలడు."

"ఒరే, నీ సంగతి బయిటికొచ్చాక సూస్తాను." చెప్పులు విడిచేశాడు. స్ట్రెచరు మీద తనంత తానే పడుకున్నాడు. తలుపులు మూసుకునేదాకా నావైపే వేలు చూపిస్తూ వెళ్లాడు.

తర్వాత గంటలు ఎలా గడిచాయో రాయలేను. అక్క పక్కన బెంచీ మీద కూర్చుని, ఆ వేలే ఆయన గురించి నాకు మిగిలే చివరి జ్ఞాపకం అవుతుందేమోనని భయపడ్డాను. సాయంత్రం సర్జను వచ్చి, బాగానే జరిగింది, రేపు చూడొచ్చు అన్నాడు. బస్ కాంప్లెక్సు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. మంచం బాగానే ఉంది, నిద్రే లేదు.

మర్నాడు పదకొండింటికి లోపలికి పంపారు. గొంతులో గొట్టం తీసేశారు. బావ కళ్లు తెరిచి నన్ను చూశాడు. పెదాలు కదిలాయి. వంగి విన్నాను.

"ఎక్కడాపేం?"

"సాంబారు గిన్నె దగ్గర" అన్నాను. నర్సు మాట్లాడొద్దని నన్ను బయటికి నెట్టేసింది.

మధ్యాహ్నం రైల్లో కూర్చున్నాక గాని నాకు ఏడుపు రాలేదు. పక్కనున్నాయన, "ఏటి మాస్టారూ, ఎవులైనా పోయారా?" అని అడిగాడు. "లేదండీ, ఉన్నాడు" అన్నాను. ఆ వడ్డన సీను తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ మాట మీకు చెప్పగలను గాని బావకి మాత్రం చెప్పను. ఆయన ఇంటికొచ్చాక ఎప్పుడైనా నేను మెత్తబడితే మళ్లీ హడలిపోతాడు. ఆయన బతికున్నంత కాలం కండువాయన్ని తిడుతూనే ఉండాలి. తిట్టీ తిట్టీ నా గొంతే ముందు పోవాలని దేవుణ్ణి కోరుకున్నాను.