విసుర్రాయి పాటలో పేరు

మా నాయనమ్మకు చివరికి కన్నకొడుకైన మా బాపు కూడా గుర్తులేడు. పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు కొత్తగా వచ్చిన రోజులవి. బాపు డ్యూటీ దిగి ఇంటికి రాగానే, "ఎవలు బిడ్డా నువ్వు? ఏ ఊరు?" అని అడిగేది. బాపు ముఖం చిన్నబోయేది.

ఊళ్లోకి పిండి గిర్ని వచ్చాక మా విసుర్రాయి మూలన పడింది. ఒక బతుకమ్మ పండగకు, సత్తుపిండి కోసం అమ్మ దాన్ని మళ్లీ ముందేసుకుంది. రాయి గరగర వినగానే నాయనమ్మ లేచి వచ్చింది. తనూ పిడి పట్టుకుని పాటెత్తుకుంది.

విసిరేటప్పుడు కొడుకుల పేర్లు, కోడళ్ల పేర్లు పాటలో కలిపి దీవించడం మా బొంతపల్లి వైపు ఆడవాళ్ల అలవాటు. నాయనమ్మ బాపు పేరు తప్పు పోకుండా పాడింది. పక్కన కలిపిన కోడలి పేరు మాత్రం మా అమ్మది కాదు. పిల్లలు పుట్టలేదని తల్లిగారింటికి పంపేసిన బాపు మొదటి భార్యది. మా ఇంట్లో ఎవరూ పలకని పేరది.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన బాపు గుమ్మంలో ఆగిపోయాడు.

"ఇగ బందువెట్టు అవ్వా" అన్నాడు, నేల చూస్తూ.

నాయనమ్మ తలెత్తి చూసింది. అన్నాళ్లకు ఆమె ముఖం వెలిగింది.

"కొడుకా, వచ్చినవా? కోడలు తల్లిగారింటికి పోయి మస్తు దినాలాయె. జల్దీ పోయి తోలుకరారాదు?"

బాపు చేతిలోని టిఫిన్ డబ్బా కింద పెట్టలేదు, లోపలికి రాలేదు. పాట ఆగినా, అమ్మ తల వంచుకుని రాయి తిప్పుతూనే ఉంది.