ఏలియా తూకం

ఏ యంత్రం కొత్తగా కనబడినా ఏలియా ముందు దాన్ని అరచేతుల్లోకి తీసుకుని తూచేవాడు. లింగరాజపురంలో రేడియోలు బాగుచేస్తూ తల నెరిసినవాడు. పాత వాల్వు రేడియోలు మోసిన చేతులు కదా, బరువుంటేనే బలముంటుందని అతని నమ్మకం. కళ్లు మూసుకుని, పెదాలు బిగించి, పుచ్చకాయ బేరమాడేవాడిలా రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి తీర్పు చెప్పేవాడు.

బామ్మర్ది డేవిడ్ దుబాయి నుంచి టీవీకి తగిలించి విమానాల ఆట ఆడే వీడియోగేమ్ పెట్టె తెచ్చిన ఆదివారమూ అంతే చేశాడు. పెట్టె దూదిలా తేలిపోయింది. "దీంట్లో ఏముండాదప్పా? విమానాలు ఎగరేసే బలం దీనికేడిది? మన టీవీ బలమే లాగుతాది. టీవీ కాలిపోతాది!" అన్నాడు. "లోపల చిప్పుండాది బావా, అది చాలు," అని డేవిడ్ నవ్వాడు. ఆ వీధి మొత్తానికీ అదొక్కటే టీవీ. ప్రార్థన చేసుకుని స్విచ్ వేశారు. నర్సుపని చేసే భార్య హన్నా వరసగా విమానాలు కూలుస్తుంటే, ఏలియా టీవీ వెనక నిలబడి దాని వీపు మీంచి చెయ్యి తియ్యలేదు. చెమట మాత్రం అతనికే పట్టింది. చివరికి హన్నా లేచొచ్చి, రోగి నుదురు చూసినట్టు చేతి వెనకవైపు టీవీకి ఆనించింది. "జొరం లేదు. ఇంక మీరు కూర్చోండి."

"స్తోత్రం!" అంటూ ఏలియా గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు. ఆట ముగిశాక పెట్టెను మళ్లీ అరచేతుల్లోకి తీసుకుని కళ్లు మూసుకున్నాడు. "బరువుండాది డేవిడూ. ఇందాక నేనే సరిగ్గా ఎత్తలేదు."